అగ్రిమెంట్ అయిపోయిన మర్నాడు ఏంటి? నేటాల్ మూడు పౌన్ల పన్ను కథ

అమెరికాలో ఉన్న మా ఫ్రెండ్‌కి ఈమధ్య లేఆఫ్ అయింది. హెచ్-వన్-బీ వీసా. ఫోన్ చేసి జీతం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఇంకా 41 రోజులున్నాయిరా" అన్నాడు. ఉద్యోగం పోయాక అక్కడ ఉండనిచ్చే గడువు మహా అయితే 60 రోజులు. ఆ లెక్క వినగానే నాకు నేటాల్ గుర్తొచ్చింది.

నేటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం, అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యం. చెరుకు తోటలకి కూలీలు కావాల్సొచ్చి ఇండియా వైపు చూశారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా దాదాపు లక్షన్నర మంది వెళ్లారు. వాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి వైపు నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఐదేళ్ల అగ్రిమెంట్. మొదట నెలకి 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు హైక్. మధ్యలో మానేస్తే దాన్ని రిజైన్ అనరు, నేరం అంటారు. జైలుకి పంపేవాళ్లు. అందుకే మావాడి కష్టాన్నీ వాళ్ల కష్టాన్నీ ఒకే గాటన కట్టను. కానీ ఒక పోలిక ఉంది, అది అగ్రిమెంట్ అయిపోయాక మొదలవుతుంది.

మొదట్లో గడువు తీరినవాళ్లు అక్కడే ఉండి కూరగాయలు పండించుకున్నారు, చిన్న వ్యాపారాలు పెట్టుకున్నారు. తెల్లవాళ్లకి అదే నచ్చలేదు. కూలీ కావాలి, పక్కింటివాడు వద్దు! 1895లో చట్టం తెచ్చారు. ఇండియాకి పో, లేదా మళ్లీ సంతకం పెట్టు, లేదా ఏటా 3 పౌన్లు కట్టు.

ఇక్కడ కాస్త లెక్క చూడండి. ఐదో ఏడు జీతం నెలకి 14 షిల్లింగులు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతం కంటే ఎక్కువ. భార్యకి వేరేగా కట్టాలి. తర్వాత 16 దాటిన కొడుక్కీ, 13 దాటిన కూతురికీ కూడా. అలా నలుగురుంటే 240 షిల్లింగులు. ఏడాదంతా పనిచేస్తే వచ్చేదే 168! ఇంకేం చేస్తారు, మళ్లీ సంతకం పెట్టేవాళ్లు.

1913లో గాంధీ ఈ పన్ను మీద సత్యాగ్రహం మొదలుపెట్టారు. న్యూకాజిల్ బొగ్గు గనుల కార్మికులు పని ఆపేశారు, సమ్మె చెరుకు తోటలకీ పాకింది. 1914లో పన్ను రద్దయింది. అయితే అదే చట్టంలో ఇంకో క్లాజ్ ఉంది: ఇక్కడ ఉండే హక్కు వదులుకుంటే ఇండియాకి ప్రయాణం ఫ్రీ.

మావాడు ఇవాళ పొద్దున మెసేజ్ పెట్టాడు. 33 రోజులట.