అమెరికా విశ్వవిద్యాలయాలలో విద్యార్థి క్రీడాకారుల క్రమశిక్షణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విశ్వవిద్యాలయం తరఫున ఆడే విద్యార్థులు ప్రవర్తనా నియమాలను అతిక్రమించినపుడు వారిపై తీసుకొనే చర్యలను విద్యార్థి క్రీడాకారుల క్రమశిక్షణ అంటారు. సాధారణ విద్యార్థికి విశ్వవిద్యాలయ నియమావళి ఒక్కటే వర్తిస్తుంది. క్రీడాకారునికి మాత్రం జట్టు నియమాలు, క్రీడా విభాగపు నియమాలు, విశ్వవిద్యాలయ నియమావళి అనే మూడూ ఒకేసారి వర్తిస్తాయి. అందువలన ఎంత శిక్ష వేయాలి అన్న ప్రశ్న కంటే, శిక్షను ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నే ఈ విషయంలో ఎక్కువ వివాదాలకు దారితీసింది.

మూడు అంచెలు

మొదటి అంచె జట్టు. సాధనకు ఆలస్యంగా రావడం, తరగతులకు హాజరు కాకపోవడం వంటి చిన్న తప్పులకు కోచ్ స్వయంగా శిక్ష విధిస్తాడు. అదనపు వ్యాయామం, ఒకటి రెండు పోటీలకు దూరంగా ఉంచడం, జట్టు నుండి తొలగించడం ఇందులోని శిక్షలు. సాధారణంగా దీనికి లిఖితపూర్వక విచారణ ఉండదు.

రెండవ అంచె క్రీడా విభాగం. క్రీడాకారుడు పోలీసు కేసులో చిక్కుకున్నప్పుడు, కేసు తేలే వరకు అతనిని పోటీల నుండి పక్కన పెట్టే నియమం చాలా క్రీడా విభాగాలలో ఉన్నది.

మూడవ అంచె విశ్వవిద్యాలయపు విద్యార్థి వ్యవహారాల కార్యాలయం. హెచ్చరిక, నిర్ణీత కాలపు పర్యవేక్షణ, సస్పెన్షన్, శాశ్వత బహిష్కరణ దీని అధికారంలో ఉంటాయి. ఇక్కడి విచారణ నేర విచారణ కాదు. న్యాయస్థానంలో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. విశ్వవిద్యాలయాలలో అధిక భాగం, ఆరోపణ అబద్ధం కావడం కంటే నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉన్నదని తేలితే చాలునని భావిస్తాయి. కనుక ఒకే సంఘటనపై రెండు చోట్ల రెండు రకాల తీర్పులు రావచ్చును.

ఎన్.సి.ఎ.ఎ. పాత్ర

1906లో ఏర్పడిన జాతీయ కళాశాల క్రీడల సంఘాన్ని ఎన్.సి.ఎ.ఎ. అని పిలుస్తారు. ఆడే అర్హత, క్రీడాకారుల ఎంపిక, ఉత్ప్రేరకాలు, పందేలు వంటి విషయాలలో ఇది నియమాలు చేస్తుంది. దాడి, లైంగిక హింస వంటి నేరాలపై విచారణను విశ్వవిద్యాలయాలకే వదలివేసింది. 2022-23 విద్యా సంవత్సరం నుండి మాత్రం, తమపై అటువంటి విచారణ జరిగి ఉంటే క్రీడాకారులు ఏటా వెల్లడించాలనే నిబంధన అమలులోకి వచ్చింది. ఒక చోట శిక్ష పొందినవారు ఆ సంగతి దాచి మరొక విశ్వవిద్యాలయానికి మారకుండా చూడడం దీని ఉద్దేశం.

ఉపకార వేతనం విషయంలో ఎన్.సి.ఎ.ఎ. నియమం ముఖ్యమైనది. ఉపకార వేతనం మంజూరైన కాలంలో దుష్ప్రవర్తన కారణంగా దానిని రద్దు చేయాలంటే, ఆ దుష్ప్రవర్తనను నిర్ధారించవలసినది కోచ్ కాదు, విద్యార్థులందరికీ వర్తించే క్రమశిక్షణాధికారి. రద్దుపై అప్పీలు చేసుకొనే హక్కు విద్యార్థికి ఉంటుంది. అనగా కోచ్ ఒక విద్యార్థిని ఆట నుండి తప్పించగలడు గాని, తన కోపంతోనే అతని చదువును ఆపలేడు.

చట్టపరమైన రక్షణలు

1960లో అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీలో కొందరు నల్లజాతి విద్యార్థులు శ్వేతజాతివారికే పరిమితమైన ఫలహారశాలలో తమకూ వడ్డించాలని కోరారు. వారి ప్రభుత్వ కళాశాల వారిని విచారణ లేకుండానే బహిష్కరించింది. ఈ కేసులో 1961లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం, ప్రభుత్వ కళాశాల విద్యార్థిని బహిష్కరించే ముందు నోటీసు ఇచ్చి, అతని వాదన వినాలని తీర్పు చెప్పింది. డిక్సన్ తీర్పుగా పేరుపొందిన ఇది క్రీడాకారులకూ వర్తిస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో రాజ్యాంగ రక్షణకు బదులు, సంస్థ తన నియమావళిలో వ్రాసుకొన్న హామీలే ఆధారం.

అయితే చదువుకొనే హక్కు వేరు, ఆడే హక్కు వేరు. జట్టులో స్థానం రాజ్యాంగ రక్షణ కలిగిన హక్కు కాదని న్యాయస్థానాలు ఎక్కువగా తీర్పు చెప్పాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు ఒకరు అత్యాచార ఆరోపణపై 2023 డిసెంబరులో సస్పెండ్ కాగా, 2024 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి అతనిని తాత్కాలికంగా తిరిగి ఆడనివ్వాలని ఆదేశించారు. అప్పటికి అతడు 6 పోటీలు కోల్పోయాడు. 2024 జూన్‌లో జ్యూరీ అతనిని నిర్దోషిగా ప్రకటించింది. ఆ నాటికి సీజను ముగిసిపోయింది. తాత్కాలిక ఆదేశం రాకపోతే, పోటీల కాలం విచారణ కంటే ముందే గడచిపోయేది.

లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వర్తిస్తుంది. 2020 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలు ఇరుపక్షాలనూ ప్రత్యక్షంగా విచారించి, ఒక పక్షం తరఫు సలహాదారు మరొక పక్షాన్ని ప్రశ్నించడానికి అవకాశం ఇవ్వాలి. 2024లో వీటిని సవరించారు. ఆ సవరణను 2025 జనవరిలో న్యాయస్థానం కొట్టివేయగా 2020 నిబంధనలే తిరిగి అమలులోకి వచ్చాయి.

ముఖ్యమైన ఉదంతాలు

డ్యూక్ విశ్వవిద్యాలయం: 2006లో లక్రాస్ జట్టులోని ముగ్గురిపై అత్యాచార ఆరోపణ వచ్చింది. విశ్వవిద్యాలయం ఆ సీజనులో మిగిలిన పోటీలను రద్దు చేసింది. కోచ్ రాజీనామా చేశాడు. 2007 ఏప్రిల్‌లో ఉత్తర కరోలినా అటార్నీ జనరల్ రాయ్ కూపర్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. కేసు నడిపిన ప్రాసిక్యూటర్ తన న్యాయవాద వృత్తి అర్హతను కోల్పోయాడు.

పెన్ స్టేట్: 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారులు కొందరు ఒక కొట్లాటలో చిక్కుకొన్నారు. కోచ్ జో పటెర్నో, సొంత మైదానంలో జరిగే ప్రతి పోటీ తరువాత జట్టంతా స్టేడియం శుభ్రం చేయాలని శిక్ష విధించాడు. క్రీడాకారులకు వేరొక పద్ధతి ఉండరాదని వాదించిన విద్యార్థి వ్యవహారాల అధికారిణి విక్కీ ట్రిపోనీ అదే సంవత్సరం పదవి వదిలారు.

బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం: యూటాలోని ఈ క్రైస్తవ సంస్థ నియమావళి మద్యం, పొగాకు, కాఫీ, వివాహానికి ముందు లైంగిక సంబంధాలను నిషేధిస్తుంది. 2011 మార్చిలో బాస్కెట్‌బాల్ జట్టు దేశంలో 3వ స్థానంలో ఉండగా, నియమం తప్పిన ఒక ముఖ్య ఆటగాడిని సీజనులో మిగిలిన పోటీలన్నిటికీ దూరం చేశారు. తరువాతి పోటీలోనే జట్టు ఓడిపోయింది. మరుసటి సీజనులో అతడు తిరిగి ఆడాడు.

బేలర్ విశ్వవిద్యాలయం: లైంగిక దాడుల ఫిర్యాదులను ఫుట్‌బాల్ విభాగం విశ్వవిద్యాలయ విచారణకు పంపక, తనదైన క్రమశిక్షణా పద్ధతిని నడిపినదని 2016లో ఒక న్యాయవాద సంస్థ పరిశోధనలో తేలింది. కోచ్ ఆర్ట్ బ్రైల్స్ ఉద్యోగాన్ని, కెన్నెత్ స్టార్ అధ్యక్ష పదవిని కోల్పోయారు. 2021లో ఎన్.సి.ఎ.ఎ. విచారణ సంఘం ఈ వైఫల్యాన్ని తీవ్రంగా విమర్శించినా, లైంగిక హింస ఫిర్యాదుల విషయంలో తన నియమాల ఉల్లంఘన జరిగినదని మాత్రం నిర్ధారించలేకపోయింది.

విమర్శలు

ఈ విధానంపై రెండు పరస్పర విరుద్ధమైన విమర్శలు ఉన్నాయి. గెలుపుతో జీతం, పేరు ముడిపడి ఉన్న కోచ్ తన ఆటగాడి తప్పును తానే విచారిస్తే ఫిర్యాదు చేసినవారికి న్యాయం జరగదన్నది మొదటిది. బేలర్ ఉదంతాన్ని దీనికి ఉదాహరణగా చూపుతారు. పత్రికల ఒత్తిడికి లొంగి, ఆరోపణ రుజువు కాకముందే శిక్షిస్తారన్నది రెండవది. దీనికి డ్యూక్ ఉదంతాన్ని చూపుతారు. ఈ రెండు చోట్లా లోపించినది ఒకటే: జట్టు గెలుపుతోగాని, సంస్థ ప్రతిష్ఠతోగాని సంబంధం లేనివారు ఇరుపక్షాల మాటా విని నిర్ణయించడం.

విద్యార్థి రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి చట్టం వలన సస్పెన్షన్‌కు కారణాన్ని "జట్టు నియమాల ఉల్లంఘన" అని మాత్రమే ప్రకటించడం పరిపాటి అయినది. హింసాత్మక నేరాలలో తుది నిర్ణయాన్ని వెల్లడించడానికి 1998 సవరణ అనుమతించినా, అది తప్పనిసరి కాదు.

2025 జూలై నుండి విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించడానికి అనుమతి లభించింది. దీనితో సస్పెన్షన్ వలన ఆటతో పాటు ఆదాయాన్ని కూడా కోల్పోయే అవకాశం ఏర్పడింది.