ఉమ్మడి గాదె

ఇరువది యేండ్ల క్రిందట రాజమహేంద్రవరమున మా మిత్రులొకరి కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టములు కాపురముండెడివి: విండోస్, లినక్స్. ఒకటి మేల్కొన్నచో రెండవది నిద్రించును. అమ్మమ్మగారు పాడిన మంగళహారతులు, పెండ్లిపాటలు ముద్రించిన ఫైళ్లను మాత్రము రెండింటికిని ఉమ్మడియైన డిస్కు భాగమున నుంచిరి. ఒకనాడు లినక్స్ తెఱచి చూడగా తెలుగున వ్రాసిన పాటల పేర్లన్నియు ప్రశ్నార్థకములై కనబడెను. అప్పటికి అమ్మమ్మగారు లేరు. పాటలు పోయినవని యింటిల్లిపాది దిగులుపడిరి.

అన్నదమ్ములు వంటలు వేఱుపెట్టుకొన్నను గాదె ఉమ్మడిగా నుండవచ్చును. కాని కుంచ మొక్కటే కావలెను. లెక్కపుస్తకము ఇరువురును చదువగలుగవలెను. డిస్కునందలి అట్టి లెక్కకే ఫైల్ సిస్టమ్ అని పేరు. ఏ ఫైలు ఎచ్చట నున్నదో అందే వ్రాయబడి యుండును.

అందఱెఱిగిన పాత లెక్క ఫ్యాట్. 1977లో మైక్రోసాఫ్ట్ సంస్థలో మార్క్ మెక్‌డొనాల్డ్ దీనిని ఫ్లాపీ డిస్కుల కొఱకు కల్పించెను. 1981 నాటి ఎం.ఎస్. డాస్‌తో అది లోకమంతట వ్యాపించెను. బీద లెక్కయే: పేరునకు ఎనిమిది అక్షరములు, తోకకు మూడు. అందు తెలుగునకు చోటేది? 1995లో విండోస్ 95తో దీర్ఘనామములు వచ్చెను. వానిని యూనికోడ్ సంకేతములలో వ్రాయుదురు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగు చేరి యుండుటచే మన పేర్లకును తావు దొరకెను. 1996లో వచ్చిన ఫ్యాట్32లో సయితము ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు.

1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. ఇంతకంటె దృఢమైనది. అయినను దాని మర్మమును సంస్థ వెల్లడింపలేదు. లినక్స్ పక్షమువారు శోధించి శోధించి తెలిసికొనవలసి వచ్చెను. చదువుట సాగినను, వ్రాయుట చిరకాలము ప్రమాదకరముగనే యుండెను. 2007లో ఎన్.టి.ఎఫ్.ఎస్.-3జి స్థిరపడిన పిమ్మటనే ఆ భయము తగ్గెను. 2006 నాటి ఎక్స్‌ఫ్యాట్ విధానమును మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటింపగా, ఆ యేటనే అది లినక్స్‌లో చేరెను. పదుమూడేండ్ల యెడము యంత్రము చేసినది కాదు, మనుజులు చేసినదే.

మఱియొక చిక్కు 2012 నాటి విండోస్ 8తో వచ్చెను. త్వరగా లేచుటకై అది ఆర్పినను సగము మేల్కొనియే యుండును. కొంత లెక్క తనయొద్దనే యుంచుకొనును. ఆ సమయమున రెండవది గాదెలో చేయి పెట్టినచో లెక్క చెడును. కావున దానిని పూర్తిగ ఆర్పవలెను.

మా మిత్రుల డిస్కు ఫ్యాట్32. పేర్లను యూనికోడ్ ప్రకారము చూపుమని లినక్స్‌నకు ఆజ్ఞ యిచ్చినంతనే ప్రశ్నార్థకములు తొలగెను. పాట లొక్కటియు పోలేదు. ఐనను వేఱొక డిస్కున నింకొక ప్రతి యుంచుకొనుడని చెప్పి, ఒక లాలిపాట విని వచ్చితిమి.