బడిలోనికి వచ్చిన యంత్రములు

చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు రాచబాటమీద, చిలకలూరిపేటకు దక్షిణమున మార్టూరు కలదు. చుట్టును ప్రత్తి, మిర్చి పండు పొలములు. నేడు వాని నడుమ గ్రానైటు రాతిని కోసి మెరుగుపెట్టు కర్మాగారముల రొద వినిపించుచుండును. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, 2022 వరకు ప్రకాశము జిల్లాలోను ఉండిన ఈ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోనిది. ఊరు కదలలేదు; జిల్లాలే దానిని దాటిపోవుచున్నవి.

మిరపకోతల కాలమున, ఆ ప్రాంతపు పల్లెలోని ఒక ప్రాథమిక పాఠశాలకు ధ్వనిముద్రణ పనిమీద మేము వెళ్ళితిమి. తరగతి గోడకు పెద్ద తెర అమర్చియున్నది. దానిపై దుమ్ము పడకుండ పూల గుడ్డ కప్పియున్నది. ఆ పూట కరెంటు లేదు. గడప ప్రక్కన ఉపాధ్యాయినిగారు పళ్ళెములో ఇసుక పోసి, ఇద్దరు చిన్నవారి వ్రేళ్ళు పట్టి అక్షరములు దిద్దించుచున్నారు. ఆ తెరకును, ఆ ఇసుకకును నడుమ ఎంత చరిత్ర గడచినదో అప్పుడు మాకు తలపునకు వచ్చినది.

ఇసుకను తక్కువగా చూడరాదు. అది సముద్రము దాటిపోయిన ఉపకరణము. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయమునకు పెద్దగా నియమితుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక వీథిబడి పిల్లలు వ్రేలితో ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. ముందు నేర్చిన పిల్లలు వెనుకటివారికి నేర్పు ఏర్పాటును దానికి జతచేసి, 1797లో లండనులో పుస్తకముగా ప్రకటించెను. అది ఆంగ్లదేశమున మద్రాసు పద్ధతి అను పేరుతో వ్యాపించినది. మన వీథి అరుగు ఇసుకపై ఇంగ్లీషు అక్షరములు మొలచినవన్నమాట!

1822లో గవర్నరు మన్రో దొర జిల్లా కలెక్టరులందరిని బడుల లెక్క పంపుడని కోరెను. 1826 నాటికి తేలిన మొత్తము 12,498 బడులు. ప్రజల సంఖ్య 1,28,50,941. అనగా వేయిమందికి ఒక బడి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో, పిల్లలు మొదట ఇసుకలో దిద్దుటను వర్ణించి, పిదప బడులు క్షీణించుటకు కారణమును కూడ వ్రాసెను. సీమగుడ్డలు వచ్చి నేతపనివారి చేతిలో డబ్బు లేకుండ చేసినవనియు, బిడ్డలను చదివించు శక్తి వారికి తగ్గినదనియు ఆయన అభిప్రాయము. ప్రత్తి పండించు నేలవారు ఈ మాట మరువరాదు. బడిలో ఏ పరికరమున్నదనునది ఒక ప్రశ్న. బిడ్డను బడికి పంపగల స్థితిలో ఇల్లున్నదా అనునది అంతకు ముందటి ప్రశ్న.

ఇక మా యింటి సంగతి. 1938 జూన్ 16న చెన్నపట్టణములోను, 1948 డిసెంబరు 1న విజయవాడలోను ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలనే మైకు ముందునకు తెచ్చిరి. వారి కృషి 1956 తరువాత హైదరాబాదున సాగినది. ఆ దంపతులు కనిపెట్టిన రహస్యము చాల చిన్నది: పిల్లవాడు వినుటకంటె పలుకుటకు ఎక్కువ ఉబలాటపడును. ఆ సంగతి మా సంస్థకే అప్పుడప్పుడు మరపునకు వచ్చినది. బడులకు మేము పంపిన పాఠములు చాలవరకు ఒకవైపు దారి. మా మాట వారికి పోవును. వారి ప్రశ్న మాకు రాదు.

ఆ తరువాత ఆకాశమునుండి బొమ్మలు దిగినవి. 1969లో భారత ప్రభుత్వ అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థకును జరిగిన ఒడంబడిక ఫలముగా, 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఒక ఏడాదిపాటు ఏటీయస్-6 అను ఉపగ్రహము మన దేశమునకు ఎరువు దొరికినది. ఆరు రాష్ట్రములు, 20 జిల్లాలు, సుమారు 2,400 పల్లెలు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ప్రసార భాషలలో తెలుగు ఒకటి. పది అడుగుల వెడల్పున కోళ్ళగూటి తీగజాలితో కట్టిన గొడుగువంటి ఏంటెన్నా, దాని క్రింద ఒక టెలివిజన్ పెట్టె; ఉదయము ఐదు మొదలు పన్నెండేండ్ల పిల్లలకు ఒక్కొక్క భాషలో ఇరువదిరెండున్నర నిమిషముల కార్యక్రమము. రైలే ఎరుగని పల్లెలో బిడ్డలు ఉపగ్రహపు బొమ్మ చూచిరి. ఆ ఏటనే దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో పన్నెండేసి దినముల శిక్షణ ఈ మార్గముననే జరిగినది.

ఫలితమేమి? పరిశీలకులు తేల్చినది మిక్కిలి నిజాయితీ గలది. పిల్లల భాష మెరుగైనది, తెలిసికొనవలెనను ఆసక్తి పెరిగినది. పాఠ్యవిషయముల మార్కులలో మాత్రము చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. మార్కులు పెరుగలేదని చప్పరించువారితో మేము ఏకీభవింపము. అడుగుట నేర్చిన పిల్లవాడు సగము చదివినవాడే. అయితే గడువు తీరగానే ఉపగ్రహము పడమరకు మరలిపోయినది. మన మిర్చి సీమకు ఆ దఫా వంతే రాలేదు గనుక, పోయినదన్న దిగులును లేదు.

అటుపై వచ్చినవానిని తడవి విడుతుము. 1983లో ఇన్‌శాట్-1బి; 1986 జాతీయ విద్యావిధానము వెంట బడులకు టెలివిజన్లు, రేడియో క్యాసెట్ పెట్టెలు; సర్వశిక్షా అభియాన్ నాళ్ళలో మా కేంద్రములు ప్రసారము చేసిన ‘విందాం నేర్చుకుందాం’ పాఠములు. వీనిలో గొంతు నడుమ నడుమ ఆగి, పిల్లలు బదులు చెప్పుటకు వ్యవధి ఇచ్చును. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి, అనగా మన కోస్తానుండియే, చదువుకొరకే నిర్మించిన ఎడ్యుశాట్ పైకెగసినది. 2017లో దీక్షా వేదిక వచ్చి, పాఠ్యపుస్తకపు పుటపై చుక్కల చతురస్రమును ఫోనుతో చూచిన పాఠము తెరచుకొనుట మొదలైనది. 2019 నవంబరు 14న ఒంగోలులోనే నాడు-నేడు పథకము ఆరంభమైనది. పిదప పెద్ద తరగతులకు స్పర్శ తెరలు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్టు టీవీలు చేరినవి. నడుమ 2020లో మహమ్మారి బడులను మూయించినప్పుడు, ఫోను లేని యిండ్లను తలచి మరల దూరదర్శన్, ఆకాశవాణులనే ఆశ్రయింపవలసి వచ్చెను. పాతదని అటకెక్కించిన దీపమే చీకటిలో చేతికి తగిలినది.

మరల ఆ పల్లెబడికి వత్తము. మధ్యాహ్నము కరెంటు వచ్చినది. గుడ్డ తీసిరి. పాఠము తెరపై వచ్చునని మేము ఎదురుచూచితిమి. ఉపాధ్యాయినిగారు తన ఫోనును తెరకు కలిపి, పిల్లలు తామే అట్టముక్కలతో కత్తిరించి దీపము వెనుక ఆడించిన తోలుబొమ్మలవంటి నీడలాటను చూపించిరి. కథ వారిదే: మిరపకాయలు ఎండబెట్టిన కళ్ళములో తుమ్ములాగని నక్క. మాటలన్నియు పిల్లలవే. నక్కకు గొంతిచ్చిన బాలిక యాస వేరుగానున్నది. కర్నూలు ప్రక్కనుండి తలిదండ్రులతో మిరపకోతకు వచ్చిన పిల్ల. హాజరుపట్టీలో పేరు లేదు, పుస్తకము లేదు. కావున చుక్కల చతురస్రమును లేదు. తమ్ముని చంకనెత్తుకొని కిటికీ దగ్గర నిలుచుండగా, ఉపాధ్యాయినిగారు లోనికి పిలిచిరట.

తన గొంతు తెరనుండి రాగానే ఆమె మొదట నోరు మూసికొనినది. తరువాత అందరికంటె గట్టిగా నవ్వినది.

కోతలు ముగియగానే ఆ కుటుంబము వెళ్ళిపోవును. ఆ బొమ్మలాటను ఆమె సొంత ఊరి బడికి పంపవలెనని, చిరునామా కనుగొని పెట్టుడని ఉపాధ్యాయినిగారు మమ్ము కోరిరి. పిల్లను అడిగితిమి. ఊరి పేరు చెప్పినది. ఊరి చెరువు పేరు చెప్పినది. మండలము పేరు మాత్రము చెప్పలేకపోయినది. మేము ఇంకను వెదకుచున్నాము.