కోట దాటి నడిస్తేనే ఊరు

దగ్గరికి జరగండర్రా. భోగి దుంగలు తెల్లారేదాకా కాలతాయి, మన మాటలకీ తొందరలేదు. పొద్దున్న ఫోనులో జపాను కోట బొమ్మ చూపించి "మనకిలాంటిది లేదా తాతా?" అన్నావు కదమ్మా, ఆ మాట అప్పట్నుంచీ నన్ను పట్టుకునే ఉంది. ఎందుకు లేదు తల్లీ! ఇక్కడ విశాఖలో పాసింజరు ఎక్కితే పెందుర్తి, కొత్తవలస, అలమండ, కోరుకొండ, ఆ తరవాత విజయనగరం. అరవై కిలోమీటర్ల దూరంలో కోటా ఉంది, దాని చుట్టూ పుట్టిన ఊరూ ఉంది.

జపాను కోటల సంగతి నాకు పోర్టులో పనిచేసిన రోజుల్లోనే తెలిసింది. బైలదిల్లా ఇనప ఖనిజం అప్పట్లో ఎక్కువగా ఆ దేశానికే పోయేది. దానికోసమే కొండల్లో సొరంగాలు తొలిచి కిరండోల్ రైలుమార్గం వేశారు, పెద్ద ఓడలు ఆగడానికి 1976లో ఔటర్ హార్బరు తెరిచారు. ఆ ఓడల మీద వచ్చిన ఒకాయన హిమేజి కోట ఫొటో జేబులో పెట్టుకు తిరిగేవాడు. తెల్లటి కోట, 1609 నాటికి ఇప్పుడున్న రూపం వచ్చిందట. దొరని నమ్ముకున్న బంట్లు, వాళ్ళ అవతల వర్తకులు, పనివాళ్ళు కోట చుట్టూ చేరితే ఊరైందట. 1873లో వాళ్ళ సర్కారే కోటలు ఇక అక్కర్లేదంది, చాలావాటిని పడగొట్టేశారు. అయినా ఆ ఊళ్ళు పాడుబడిపోలేదు, పెద్ద పట్నాలయ్యాయి. కోట కంటే ఊరి ఆయుష్షు ఎక్కువని నాకు అప్పుడు తట్టింది.

మన కోట సంగతికొద్దాం. పూసపాటి రాజులు మొదట కుమిలిలో మట్టికోటలో ఉండేవారు. 1713, అంటే విజయ నామ సంవత్సరం. విజయదశమినాడు కొత్తకోటకి పునాది వేశారని పెద్దలు చెబుతారు. అక్కడ అడివిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు ఆ చోటు చూపించాడని కూడా చెబుతారు. చదరంగా కట్టిన రాతికోట. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు 10 మీటర్లు, నాలుగు మూలలా నాలుగు బురుజులు. చుట్టూ ఉండే కందకం ఇప్పుడు పూడిపోయింది. నగారాఖానా ఉన్న పెద్ద గుమ్మంలోంచి లోపలికి వెళ్తారు.

మా అమ్మది విజయనగరం, మా నాన్నది బొబ్బిలి పక్క పల్లె. అందుకే బొబ్బిలి యుద్ధం నేను రెండువైపులనుంచీ విన్నాను. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటపెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్ళాడు. 1757 జనవరి 24, మన సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకి. అటు ఫిరంగులు, ఇటు చిన్న కోట. ఇక నిలవలేమని తెలిశాక బొబ్బిలి రాజు రంగారావు మనుషులు తమ ఆడవాళ్ళనీ పిల్లలనీ శత్రువు చేతికి చిక్కనివ్వకుండా తామే చంపుకుని, తలుపులు తీసి పోరాడుతూ పడిపోయారు. బుస్సీ సైనికులకి లోపల దొరికింది శవాల గుట్టలే. కొద్ది రాత్రుల తరవాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. నెగ్గినాయన ఇంటికి తిరిగి రాలేదర్రా.

నాన్న ఈ కథ చెబుతుంటే గొంతు పూడుకుపోయేది. అమ్మ మాత్రం పైడితల్లి కథ ఎత్తుకునేది. విజయరామరాజుకి పైడితల్లి అని చెల్లెలు. బొబ్బిలి మీదికి వెళ్ళొద్దన్నా అని ఆమె బతిమాలింది. ఆయన వినలేదు. అన్న పోయాడన్న కబురు విని ఆమె కూడా ప్రాణం విడిచిందట. తరవాత ఆమే అమ్మవారై వెలిసిందని, పెద్దచెరువులో ఆమె విగ్రహం దొరికితే పతివాడ అప్పలనాయుడు గుడి కట్టించాడని కథ. ఈనాటికీ విజయదశమి వెళ్ళాక వచ్చే మొదటి మంగళవారం సిరిమాను ఊరేగుతుంది. ఏ చెట్టు కొట్టాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. పొడుగాటి చింతమాను చివర పూజారి కూచుంటే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. రాజుగారి కుటుంబం బురుజు మీంచి చూస్తుంది. యుద్ధం వద్దన్న ఆడపడుచు ముందు కోట ఏటా తలొంచుతుందర్రా. ఈ ఒక్కటి చూడ్డానికైనా మీరు వెళ్ళాలి.

రెండో దెబ్బ పద్మనాభంలో తగిలింది. భీమిలి దాటి వెళ్తామే, ఆ కొండ కిందే. ఈస్టిండియా కుంపిణీ వాళ్ళు పేష్కషు బకాయి కట్టమన్నారు, కోట వదిలి మచిలీపట్నం వెళ్ళిపొమ్మన్నారు. చిన విజయరామరాజు ఒప్పుకోలేదు. 1794 జులై 10న కుంపిణీ పటాలం వచ్చి పడింది. గంటయినా పట్టలేదు, రాజూ ఆయన్ని నమ్ముకున్న దొరలూ అక్కడే రాలిపోయారు. ఆ తరవాత కోట యుద్ధం మాటే మరిచిపోయింది.

ఇంక ఆ ఊరు ఏం చేసిందో వినండి. 1857లో బడి పెట్టారు, 1879కి అది కళాశాల అయింది. గురజాడ అప్పారావు గారు, గిడుగు రామమూర్తి గారు కలిసి చదువుకున్న బడి అది. తరవాత విజయనగరం రాజు ఆనందగజపతి తమ ప్రాంతంలో బ్రాహ్మణ ఇళ్ళల్లో డబ్బుకి ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్ళిళ్ళ జాబితా తీయించారు. మూడేళ్ళలో 1,034 తేలాయి. ఏడాది నిండిన పసిగుడ్డులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఆ కడుపుమంటలోంచే గురజాడ వారి కన్యాశుల్కం నాటకం పుట్టింది. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. అందులో మొదటి రంగం జరిగే బొంకులదిబ్బ కోట దగ్గరే. బలంతో గెలవాలనుకున్న కోట నీడలో, ఆడపిల్ల కోసం ఒక పెద్దమనిషి కలం పట్టాడు.

1919లో సంగీత కళాశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ కుర్రాడి చదువు కోసమే అది మొదలైందని ఊరంతా చెబుతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పారు. ఘంటసాల ఇక్కడికి వచ్చి ఇళ్ళల్లో వారాలు చేసుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాట నేర్చుకున్నాడు. మన సుశీలమ్మ పుట్టిన ఊరూ చదివిన కళాశాలా అవే. చివరికి 1958లో పీవీజీ రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటనే చదువులకి ఇచ్చేశారు. ఫిరంగులకి అడ్డంగా కట్టిన గోడల మధ్య ఇప్పుడు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు.

మీరు వెళ్ళినప్పుడు కోట ముందు ఫొటో దిగి వచ్చేయకండి. కోటలోంచి బయటికి నడవండి. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారికి దండం పెట్టుకుని, గంటస్తంభం చూసి, గురజాడ వారి ఇంట్లో కాసేపు కూచుని, సంగీత కళాశాల గుమ్మంలో నిలబడి ఏ పిల్లో సాధన చేస్తుంటే వినండి. మర్నాడు బొబ్బిలి కూడా వెళ్ళి యుద్ధస్తంభం దగ్గర తల వంచండి. ఒక ఊరి గొప్ప చెప్పడానికి రెండో ఊరి ఏడుపు దాచకూడదు. మా ఇంట్లో అమ్మా నాన్నా రెండు కథలూ ఒకే అరుగు మీద కూచుని చెప్పారు. మీరూ మీ పిల్లలకి అలాగే చెప్పాలి.