వీపు రెక్క కనబడనంత మాత్రాన

కోవిల్‌పట్టి, విరుదునగర్ ఊళ్లకు సముద్రం ఆనదు. తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లున్న ఆ నల్లరేగడి సీమ దాటి తూత్తుకుడి వైపు దిగితే మన్నార్ సింధుశాఖ వస్తుంది. అక్కడ గుర్తుపట్టడం కష్టమైన జంతువుల్లో ఒకటి డాల్ఫిన్‌ను పోలిన, వీపు రెక్క లేని పోర్పాయిస్.

బూడిద రంగు వీపొకటి నీటిపైకి వచ్చి, చప్పుడు లేకుండా మునుగుతుంది. సాధారణంగా డాల్ఫిన్‌లా ఎగరదు, పడవ ముందు పరుగులు తీయదు. తిరిగేది ఎక్కువగా ఒంటరిగానో జంటగానో. రెక్క కనబడలేదు కనుక పోర్పాయిసే అనడానికి ఈ నీళ్లలో వీల్లేదు. సముద్రపు గడ్డి మేసే ఆవుళియాకూ (తమిళ జాలర్లు డుగాంగ్‌ను పిలిచే పేరు) వీపు రెక్క ఉండదు. తేడా ముక్కులో ఉంది. ఆవుళియాకు మూతి కొసన రెండు రంధ్రాలుంటాయి, పోర్పాయిస్‌కు నడినెత్తిన ఒక్కటే. ఎండ మిలమిలలాడే అల మీద, ఆ ఒకటి రెండు క్షణాల్లో ఎవరు చూడగలరు? ఫొటో లేని చూపును నేనైతే ‘కావచ్చు’ అనే గడిలోనే రాస్తాను.

కళేబరం ఒడ్డుకు వస్తే పని తేలిక. డాల్ఫిన్ పళ్లు మొనదేలి ఉంటాయి, దీనివి పారల్లా చదునుగా ఉంటాయి. వీపు నడుమ చిన్న బొడిపెల పట్టీ చేతికి గరుకుగా తగులుతుంది. హిందూ-పసిఫిక్ జాతిలో ఆ పట్టీ 3.5 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పు; తూర్పు ఆసియా జాతిలో 1.2 సెంటీమీటర్లు మించదు. 2011లో జెఫర్సన్, వాంగ్ అనే పరిశోధకులు ఈ రెంటినీ వేరు జాతులుగా గుర్తించారు. రంగును మాత్రం నమ్మకూడదు. బతికినప్పుడు బూడిద రంగులో ఉండేది చచ్చాక నల్లబడుతుంది. పాత పుస్తకాలు దీన్ని ‘నల్ల’ పోర్పాయిస్ అన్నది అందుకే.

పళ్లు, పట్టీ కొలతలతో పాటు దొరికిన చోటు కూడా అదే రోజు రాసుకోవాలి. 1829లో శాస్త్రవేత్త కువియే హిందూ-పసిఫిక్ జాతిని వర్ణించింది ఒక పుర్రెను బట్టి. అది ఆఫ్రికా దక్షిణ కొసలోని కేప్‌లో దొరికిందని అప్పుడు రాశారు. ఆ తీరాన ఈ జంతువు లేదు. మలబార్ నుంచి వచ్చి ఉండవచ్చని తర్వాతి పరిశోధకులు ఊహించారు. ఎముక సరైనదే, దాని ఊరి పేరే తప్పు.