గీజరులో వేడినీటి కొరత

'''గీజరులో వేడినీటి కొరత''' అనగా ఇంటిలో అమర్చిన నీటి తాపక యంత్రం తగినంత వేడినీటిని ఇవ్వలేకపోవడం. హైదరాబాదు పాతబస్తీ వంటి ప్రాంతాలలో చలికాలపు ఉదయాలలో ఈ ఫిర్యాదు తరచుగా వినబడుతుంది. దీనికి యంత్రం పాడవడమే కారణం కానక్కరలేదు. నీటి కాఠిన్యం, విద్యుత్ వోల్టేజి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు, కుటుంబ అవసరానికి చాలని పరిమాణం కూడా కారణాలు కావచ్చు. కావున కొత్త గీజరు కొనేముందు లోపం ఎక్కడున్నదో వరుసక్రమంలో పరిశీలించడం మేలు.

== పాతబస్తీలో నీటి నేపథ్యం ==
పాతబస్తీ మూసీ నదికి దక్షిణాన ఉన్నది. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో నిర్మించిన మీర్ ఆలం చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీటిని అందించింది. 1908లో మూసీ వరదలు సంభవించిన తరువాత ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు వెలిశాయి. ఆ తరువాతి కాలంలో మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి జలాలు కూడా నగరానికి చేరాయి.

కుళాయి నీరు రోజంతా రాదు గనుక ఇళ్ళలో సంపు, మేడపై ట్యాంకు సర్వసాధారణం. కొరత ఏర్పడినపుడు బోరు నీటిని అదే ట్యాంకులోకి ఎక్కిస్తారు. గ్రానైటు రాతి నేలలోని ఈ నీరు నది నీటికంటె సాధారణంగా కఠినమైనది. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన తాగునీటి ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే నీటి వనరు లేనపుడు 600 వరకు అనుమతిస్తారు. నీరు ఎంత కఠినమైతే గీజరులో అంత త్వరగా సున్నపు గార పేరుకుంటుంది.

== పనిచేయు విధానం ==
నిల్వ గీజరులో ఒక తొట్టి, దాని చుట్టూ వేడిని నిలిపే పొర, లోపల హీటింగ్ ఎలిమెంటు (వాడుకలో కాయిల్), ఉష్ణోగ్రతను అదుపుచేసే థర్మోస్టాట్, అది విఫలమైతే విద్యుత్తును ఆపివేసే కటౌట్ ఉంటాయి. చన్నీరు తొట్టి అడుగున ప్రవేశించి, తేలికైన వేడినీటిని పైకి నెడుతుంది. పైభాగం వరకు నిలిచిన లోపలి గొట్టం ద్వారా ఆ వేడినీరు బయటకు వస్తుంది.

== ఎంత నీరు రావాలి? ==
లోపాన్ని వెదికే ముందు ఈ లెక్క తెలిసి ఉండాలి. 15 లీటర్ల నీటిని 20 నుండి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి 2 కిలోవాట్ల ఎలిమెంటుకు సుమారు 21 నిమిషాలు పడుతుంది. ఆ నీటిలో 15 లీటర్ల చన్నీటిని కలిపితే, స్నానానికి అనువైన 40 డిగ్రీల నీరు 30 లీటర్లు, అనగా సుమారు రెండు బకెట్లు వస్తుంది. నిమిషానికి 8 లీటర్లు పోసే షవరు కింద ఇది నాలుగు నిమిషాలలోపే అయిపోతుంది. ఆరుగురున్న ఇంటిలో ఒకరి వెంట ఒకరు స్నానం చేస్తే 15 లీటర్ల గీజరు చాలకపోవడం దాని లోపం కాదు.

థర్మోస్టాట్‌ను 45 డిగ్రీల వద్ద ఉంచితే అదే గీజరు నుండి 40 డిగ్రీల నీరు 19 లీటర్లకు మించి రాదు. అందుచేత మొదట చూడవలసినది థర్మోస్టాట్ మీట స్థానం.

వోల్టేజి ప్రభావం కూడా తక్కువది కాదు. ఎలిమెంటు శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే అందితే శక్తి 61 శాతానికి పడిపోతుంది. 21 నిమిషాల పని 34 నిమిషాలు తీసుకుంటుంది.

== లోపాన్ని గుర్తించుట ==
ఫిర్యాదు మూడు విధాలుగా ఉంటుంది. ఏ విధమైనదో తెలిస్తే కారణం సగం దొరికినట్లే.

=== నీరు అసలు వేడెక్కకపోవడం ===
మొదట స్విచ్చు, ప్లగ్గు, ఫ్యూజు చూడాలి. అవి సరిగా ఉంటే కటౌట్ పడిపోయి ఉండవచ్చు, లేదా ఎలిమెంటు కాలిపోయి ఉండవచ్చు. 2 కిలోవాట్ల ఎలిమెంటు నిరోధం సుమారు 26 ఓములు. విద్యుత్తు పూర్తిగా తీసివేసిన తరువాత మీటరుతో కొలిచినపుడు వలయం తెగినట్లు చూపితే దానిని మార్చాలి. కటౌట్ పదేపదే పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ నొక్కి వాడుకోరాదు. థర్మోస్టాట్ చెడిపోయిందనడానికి అది సూచన కావచ్చు.

=== వేడెక్కినా త్వరగా అయిపోవడం, గోరువెచ్చగా రావడం ===
* '''తారుమారైన గొట్టాలు:''' గీజరుపై నీలి గుర్తు చన్నీటికి, ఎర్ర గుర్తు వేడినీటికి ఉంటాయి. మరమ్మతు తరువాత ఇవి మారిపోతే అడుగునున్న చన్నీరే కుళాయికి వస్తుంది.
* '''లోపలి గొట్టానికి చిల్లు:''' వేడినీటి గొట్టం తుప్పుపట్టి మధ్యలో చిల్లు పడితే తొట్టి కింది భాగంలోని చన్నీరు కలుస్తుంది.
* '''మిక్సర్ కుళాయి:''' దీనిలోని వాల్వు అరిగితే చన్నీరు వేడినీటి గొట్టంలోకి చొరబడుతుంది. గీజరుకు వెళ్ళే చన్నీటి వాల్వును మూసి, వేడినీటి కుళాయిని తెరవాలి. కొద్దిసేపటి తరువాత కూడా నీరు ఆగకుండా వస్తుంటే లోపం గీజరులో కాక కుళాయిలో ఉన్నట్లే.
* '''సున్నపు గార:''' కఠిన జలంలోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా పేరుకుంటుంది. గార వలన నీరు ఆలస్యంగా వేడెక్కుతుందని సాధారణంగా భావిస్తారు. కాని ఎలిమెంటు గ్రహించిన విద్యుచ్ఛక్తి అంతా చివరకు నీటికే చేరుతుంది. గార చేసే అసలు హాని వేరు. వేడి లోపలే నిలిచి ఎలిమెంటు తొందరగా కాలిపోతుంది. దాని పక్కనున్న థర్మోస్టాట్ నీరు వేడెక్కకముందే ఆగిపోతుంది. అడుగున చేరిన మడ్డి తొట్టి పరిమాణాన్ని తగ్గిస్తుంది.

=== వేడిగా ఉన్నా ధార సన్నగా రావడం ===
ట్యాంకు నీటిమట్టం షవరుకంటె 10 మీటర్లు ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము పీడనం లభిస్తుంది. 2 మీటర్లే ఉంటే దానిలో ఐదవ వంతు. అందుకే పై అంతస్తులో ధార సన్నగా, కింది అంతస్తులో బలంగా ఉంటుంది. చన్నీటి ధార బాగుండి వేడినీటి ధార మాత్రమే తగ్గితే గొట్టంలో గార, కుళాయి జల్లెడలో చెత్త, సగం మూసిన వాల్వు ఉన్నాయేమో చూడాలి.

== గ్యాసు గీజర్లు ==
వీటిలో నీటి ప్రవాహం ఒక పొరను నెట్టినపుడే మంట వెలుగుతుంది. ట్యాంకు ఎత్తు చాలకపోతే మంట అంటుకోదు. సిలిండరులో గ్యాసు తగ్గినా వేడి తగ్గుతుంది. ఇందులో మంటకూ నీటికీ మధ్య గార అడ్డుపడుతుంది గనుక నిజంగానే వేడి వృథా అవుతుంది.

ఇరుకైన ఇళ్ళలో కిటికీ లేని స్నానపు గదిలో వీటిని అమర్చడం ప్రాణాంతకం. అసంపూర్ణ దహనం వలన ఏర్పడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. స్పృహ తప్పిన తరువాత తప్పించుకునే అవకాశం ఉండదు. వీటిని గాలి ఆడే చోట గది వెలుపలే అమర్చాలి.

== శుభ్రపరచుట, జాగ్రత్తలు ==
కఠిన జలం వాడే ఇళ్ళలో ఏడాదికొకసారి, చలికాలానికి ముందే, మెకానిక్కుచేత తొట్టిని ఖాళీచేయించి మడ్డిని తీయించడం మంచిది. ఎలిమెంటును వెనిగరులో గాని నిమ్మ ఉప్పు ద్రావణంలో గాని నానబెడితే గార కరుగుతుంది. మరుగుదొడ్లకు వాడే ఘాటైన ఆమ్లం లోహాన్ని తినివేస్తుంది గనుక దానిని వాడరాదు. తొట్టి తుప్పుపట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీని కూడా అప్పుడే చూసుకోవాలి.

* గీజరును విప్పే ముందు మెయిన్ స్విచ్చు ఆపాలి, నీటిని చల్లారనివ్వాలి. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది.
* ట్యాంకు ఖాళీ అయినపుడు గీజరు వేయరాదు. నాన్ రిటర్న్ వాల్వు లేకపోతే తొట్టిలోని నీరు వెనక్కు జారి ఎలిమెంటు ఎండగా కాలే ప్రమాదం ఉన్నది.
* 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. పాత ఇళ్ళలో దీపాలకోసం వేసిన సన్నని తీగకు దీనిని కలపరాదు; 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే బ్రేకరు అవసరం.
* పీడనం పెరిగినపుడు తెరుచుకునే భద్రతా వాల్వు నుండి నీరు కారుతున్నదని దానిని మూసివేయరాదు. తొట్టి పగలకుండా కాపాడేది అదే.
* వేడినీరు చాలడం లేదని బకెట్టులో ఇమ్మర్షన్ రాడ్డు వేసినపుడు, స్విచ్చు ఆపి ప్లగ్గు తీసేవరకు నీటిని చేతితో తాకరాదు.

== ఇవి కూడా చూడండి ==
* కఠిన జలం
* థర్మోస్టాట్
* సౌర నీటి తాపకం
* ఉస్మాన్ సాగర్
* హిమాయత్ సాగర్