దాచిన తల్లిపాలు చెప్పిన సాక్ష్యం

మీరు కూర్చునే సోఫాలోని ఫోమ్‌, టీవీ వెనుకనుండే ప్లాస్టిక్ డొప్ప త్వరగా అంటుకోకుండా వాటిలో బ్రోమిన్ రసాయనాలను కలిపే పద్ధతి 1970ల నుండి ప్రపంచమంతటా విస్తరించింది. వేడి తగలగానే ఇవి బ్రోమిన్‌ను విడుదల చేసి మంట వ్యాప్తిని అడ్డుకుంటాయి. ఉద్దేశం మంచిదే. అయితే వీటిలో పీబీడీఈలనే వర్గం ప్లాస్టిక్‌తో బంధం ఏర్పరచుకోదు, కేవలం కలిసి ఉంటుంది. అందుచేత కాలక్రమేణా బయటపడి ఇంటి దుమ్ములోకి, మురుగునీటిలోకి, చివరకు జలచరాల కొవ్వులోకి చేరుతుంది.

ఈ సంగతిని ముందుగా తెలిపినవి చేపలే. స్వీడన్‌లో వస్త్ర పరిశ్రమలు నెలకొన్న విస్కన్ నదిలోని చేపలలో ఈ రసాయనాలున్నట్లు 1981లో వెల్లడైంది. మరి మనుషుల మాటేమిటి?

జవాబు స్టాక్‌హోమ్‌లో గడ్డకట్టించి దాచిన తల్లిపాలలో దొరికింది. పూర్వం డీడీటీ, పీసీబీల పరిశోధనకై సేకరించిన నమూనాలవి. కరోలిన్‌స్కా సంస్థకు చెందిన డైవా మెయిరోనిటే, కోయ్‌డు నోరేన్ బృందం ఆ పాల నుండి కొవ్వును వేరుచేసి, గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతులతో పరీక్షించింది. 1972 నాటి పాలలో గ్రాము కొవ్వుకు 0.07 నానోగ్రాములున్న పీబీడీఈలు 1997 నాటికి 4.02 నానోగ్రాములకు పెరిగాయి. నానోగ్రామంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. పరిమాణం అత్యల్పమే; కానీ పాతికేళ్ళలో యాభై రెట్లకు పైగా పెరిగింది. అదే కాలంలో, నిషేధాల ఫలితంగా డీడీటీ, పీసీబీలు తగ్గుతూ వచ్చాయి.

అమెరికా పరిస్థితి మరింత తీవ్రం. 2003లో ప్రచురితమైన పరిశోధనలో టెక్సాస్‌కు చెందిన 47 మంది తల్లుల పాలలో సగటు 73.9 నానోగ్రాములుగా తేలింది. ఫర్నిచర్ ఫోమ్‌లో వీటి వాడకం అప్పట్లో అక్కడ చాలా ఎక్కువగా ఉండేది.

ఈ రసాయనాల నిర్మాణం థైరాయిడ్ హార్మోనును పోలి ఉంటుంది. శిశువు మెదడు ఎదుగుదలకు ఆ హార్మోను అత్యవసరం. వైద్యుల ఆందోళనకు కారణమిదే. 2004లో ఐరోపా సమాఖ్య పెంటా, ఆక్టా రకాలను నిషేధించింది. 2009లో ఆ మిశ్రమాలలోని ముఖ్య రసాయనాలు, 2017లో డెకా రకం స్టాక్‌హోమ్ ఒప్పందపు జాబితాలో చేరాయి. మన దేశం 2018 నియమాలతో వీటిలో కొన్నింటిని నిషేధించింది. స్వీడన్ తల్లుల పాలలో పెరుగుదల 1990ల చివరి నాటికే ఆగి, తరువాత తగ్గుముఖం పట్టింది.

ఇది చదివి ఏ తల్లీ బిడ్డకు పాలు మాన్పించరాదు. తల్లిపాల మేలు ఈ అవశేషాల కీడు కంటే ఎంతో అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం చెబుతోంది. ఆ పాలను పరీక్షించినది వాటిని తప్పుపట్టేందుకు కాదు, మన ఇళ్ళలోకి మనమే తెచ్చుకున్నదేమిటో తెలుసుకునేందుకు. చిరిగిన ఫోమ్ పరుపులను తొలగించండి. నేలను తడిగుడ్డతో తుడవండి. పసిపిల్లల చేతులను తరచుగా కడగండి. పాత టీవీలను, కంప్యూటర్లను ఇంటి వద్ద తగులబెట్టవద్దు.